గోలి ఏసిన చెయ్యి

ఖాజావలి చూపు ముందుగా పడింది నర్సింలు ముఖం మీద కాదు, అతని కుడిచేతి చూపుడువేలి మీద. ఆ వేలే కదా ట్రిగ్గర్ నొక్కింది! బేడీల్లోంచి వేలాడుతున్న ఆ వేలు బక్కగా ఉంది. గోరు సగం విరిగింది, చర్మం పగుళ్లలో మట్టి ఇంకా పోలేదు. ఇంత పనికిమాలిన వేలా నా తమ్ముణ్ణి మింగింది అనుకున్నాడు. పక్కన పోలీసులు లేకపోతే ఆ వేలిని అక్కడికక్కడే పుటుక్కున విరిచేసేవాడు.

ఖాజావలికి నేరాలు కొత్త కాదు. కర్నూలు జిల్లాలో ఎస్సైగా పనిచేసి, పైవాళ్లతో పడక ఉద్యోగం వాళ్ల మొహాన కొట్టి, అరబ్బు దేశం వచ్చి, రాబిగ్‌లో ఒక కంపెనీలో చేరి దొంగతనాల విచారణ చూస్తున్నాడు. అరబ్బీ చదవగలడు, మాట్లాడగలడు. తమ్ముడు ఆసిఫ్‌ది మాత్రం హాయిల్ ఊరి బయట ఈ మజ్రాలో, అంటే ఈ కూరగాయల తోటలో, లారీ నడిపే పని. మూడు రోజుల కింద పట్టపగలు, మోటారు గదిలో మంచం మీద పడుకున్నవాణ్ణి పడుకున్నట్టే చెవి వెనక కాల్చి చంపారు. శవం దగ్గర తుపాకి పట్టుకుని నిలబడి దొరికినవాడు ఈ నర్సింలు. జగిత్యాల వైపు మనిషి, తోట కూలీ.

తల్లి ఖాజాబీ ఫోన్లో ఏడవలేదు. "ఖిసాస్ అడుగు. నా బిడ్డ ప్రాణానికి వాని ప్రాణం. అది లేకుండా నా గడప తొక్కొద్దు" అంది. తండ్రి లేడు, ఆసిఫ్‌కు పెళ్లి కాలేదు. ప్రాణానికి ప్రాణం కోరాలన్నా, క్షమించి వదిలేయాలన్నా ఆ దేశపు చట్టంలో ముందు మాట తల్లిదే. ఆమె తరఫున సంతకం పెట్టే అధికారం ఖాజావలిది. ఆ సంతకం పెట్టడానికే వచ్చాడు. దాని దెబ్బకు ఒక తల తెగుతుందని తెలిసే వచ్చాడు. రాబిగ్ నుంచి హాయిల్ దాకా దారి పొడుగునా ఆ సంతకాన్ని మనసులో పెట్టుకుంటూనే ఉన్నాడు.

"సలాం వలీ భాయ్" అంటూ ఎదురొచ్చాడు జావీద్. హైదరాబాదువాడు. ఈ తోటకు మందూబ్. పర్మిట్లు, ఇకామా కార్డులు, ఆఫీసుల చుట్టూ తిరగడాలు అన్నీ అతనివే. తోట యజమాని మోకాలి ఆపరేషన్‌కని జోర్డాన్‌లో ఉన్నాడు కాబట్టి ఇప్పుడు తోటకు నోరూ అతనే, చెవులూ అతనే. నర్సింలుకు అరబ్బీ రాదు. అతను పోలీసులకు చెప్పిందంతా అరబ్బీలోకి మార్చి పెట్టినవాడు కూడా జావీదే.

"ఆసిఫ్ నాకు సొంత తమ్ముడి లెక్క భాయ్. నా చేతులతోనే గుసుల్ స్నానం చేయించిన" అని కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఇయ్యాల సంతకం చేసెయ్. లేటైతే వీని తరఫున ఎవడో వస్తడు. మాఫీ అంటరు, పంచాయితీ అంటరు. మనం మనం ఒకటి. గీ నర్సింలుగాని కోసం మన అమ్మీజాన్ ఎందుకు ఏడవాలె?"

ఆ మాట ఖాజావలికి తియ్యగానే ఉంది. పగతో ఉన్న మనిషికి ఎవరు వత్తాసు పలికినా చుట్టమే అనిపిస్తుంది. "ఈ పొద్దే పెడతా" అన్నాడు.

కెప్టెన్ ఫహద్ మోటారు గది గుమ్మం దగ్గర నిలబడి చెయ్యి ఊపాడు. నేరం ఒప్పుకున్నవాణ్ణి జరిగిన చోటికి తెచ్చి, ఎలా చేశాడో అలా చేయించి చూడటం అక్కడి పద్ధతి. "హతుడి ఇంటివాడివి. అడగాల్సింది ఉంటే అడుగు" అన్నాడు ఖాజావలితో అరబ్బీలో. "మీ ఇద్దరి భాషా ఒకటే కదా. కానీ ప్రతి మాటా జావీద్ నాకు చెప్పాలి."

ఖాజావలి నర్సింలు ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు.

"నన్ను చూడు. నేనెవరో తెలుసునా?"

"ఎర్కే సార్. ఆసిఫన్నకు అన్నవు. ముక్కు గట్లనే ఉన్నది." నర్సింలు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నీ కన్నీళ్లు నాకాడ పనిచెయ్యవు. ఎట్ల చంపినావో చెప్పు."

"నేను సంపలే సార్."

"ఒప్పుకుని వేలిముద్ర ఏసినావు గదరా!"

"గండ్ల ఏం రాసిన్రో నాకేమెర్క సార్? అంత అరబ్బీల ఉండె. నేను జెప్పింది ఒక్కటే, గిప్పుడు గూడ గదే జెప్త. ఆసిఫన్నకు గోలి ఏసింది నేనే. అబద్ధమెందుకాడాలె?"

ఖాజావలి చెయ్యి నర్సింలు చొక్కా కాలరు పట్టుకుంది. కెప్టెన్ ఒక్క అడుగు ముందుకేశాడు. ఆ వాక్యం ఖాజావలికి కంఠతా వచ్చు. పోలీసులు చూపించిన వాంగ్మూలంలో అరబ్బీలో చదివాడు: ఆసిఫ్‌కు తూటా వేసింది నేనే. అప్పటి నుంచీ ఆ ఒక్క వాక్యాన్నే నెమరేస్తున్నాడు. ఇప్పుడు అదే మాట, అదే నోటి నుంచి, అంత నింపాదిగా!

"సార్, కొట్టకు సార్. గోలి ఏసి నేనే నీళ్లు గూడ తాపిన. మెల్లగ ఆడ మంచం మీద పండవెట్టిన. గోలి వడ్డంక మంచిగ నిద్రవట్టింది అన్నకు..."

కాలరు మీద పిడికిలి బిగుసుకున్నది బిగుసుకున్నట్టే ఆగింది. కాల్చి నీళ్లు తాపేవాడెవడు?

"ఏం గోలీరా?" అన్నాడు ఖాజావలి.

"తలకాయ నొప్పి గోలి సార్. తెల్లగుంటది గద. లారీల కూరగాయ ఎత్తుతాంటె అన్నకు తలకాయ వలుగుతుందన్నడు. నాకాడ ఉండె. ఇచ్చిన."

ఇంట్లో తెలుగుతో పాటు ఉర్దూ కూడా మాట్లాడుకునే ఖాజావలికి ఆ మాటకున్న రెండు అర్థాలూ చిన్నప్పుడే వచ్చాయి. మింగేదీ గోలీయే, పేలేదీ గోలీయే. నవ్వులాటకు పనికొచ్చే మాట అది. అరబ్బీలో అలా కుదరదు. మింగేది హబ్బ, పేలేది రసాస. ఆ మాటను అరబ్బీలోకి తెచ్చేవాడు రెండింట్లో ఒకదాన్ని ఏరుకోవాల్సిందే.

జావీద్ అప్పటికే కెప్టెన్ వైపు తిరిగి చెబుతున్నాడు. "పాత మాటే సర్. రసాస వేసింది నేనే అంటున్నాడు. మంచం మీద పడుకోబెట్టి వేశాడట."

నీళ్ల సంగతి చెప్పలేదు. ఖాజావలి విన్నాడు. విననట్టే ఊరుకున్నాడు. పాత పోలీసు బుద్ధి కోపాన్ని భుజంతో పక్కకు నెట్టి ముందుకొచ్చింది. కాలరు వదిలి, "గది చూస్తాను కెప్టెన్" అన్నాడు.

గదిలో మోటారు, దాని పక్కన నులకమంచం, చిన్న కిటికీ. కిటికీ గట్టు మీద స్టీలు గ్లాసు ఉంది. గ్లాసు పక్కన మాత్రల పట్టీ. అందులో ఒకే ఒక్క గది చిరిగి ఖాళీగా ఉంది, మిగతావన్నీ నిండుగా ఉన్నాయి. ఖాజావలి దాన్ని ముట్టుకోలేదు. తమ్ముడు చివరగా మింగింది చూశాడు, అంతే. అది ఏడిచే సమయం కాదు.

"ఇవి మొదటి రోజు నుంచీ ఇక్కడే ఉన్నాయా?"

"ఉన్నాయి. చనిపోయినవాడివే కదా అనుకున్నాం" అన్నాడు కెప్టెన్.

"ఖాళీ తూటా ఎక్కడ దొరికింది?"

"ఇదిగో, గుమ్మం లోపల. గోడవార."

"తుపాకి ఒక్క తూటాదే కదా?"

"అవును."

"అయితే కెప్టెన్, కాల్చగానే ఖాళీ తూటా దానంతటది బయటపడదు. తుపాకిని నడుమ దగ్గర విరిచి గోటితో లాగాలి. మనిషిని చంపినవాడు గుమ్మంలో నిలబడి తాపీగా ఆ పని ఎందుకు చేశాడు? ఇంకో తూటా పెట్టి ఇంకోసారి కాల్చడానికా? రెండో దెబ్బ లేదు. మరి తుపాకి ఎందుకు విరిచాడు?"

కెప్టెన్ జవాబుకు తొందరపడకుండా గోడవార చోటును మళ్లీ చూశాడు. మంచి ఆఫీసరు లక్షణం అది. జావీద్ మాత్రం చెప్పాడు.

"భాయ్, నువ్వు తమ్ముని కోసం వచ్చినవా, వీనికి వకీలు లెక్క వచ్చినవా?" తెలుగులోనే అన్నాడు, నవ్వుతూ. నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది. "కెప్టెన్‌కు పని ఉంది. ఆయన టైం ఎందుకు ఖరాబ్ చేస్తవ్?"

"నా తమ్ముడు చచ్చినాడు. నా ఇష్టమొచ్చినంత సేపు చూస్తా" అన్నాడు ఖాజావలి. "నీకు తొందరుంటే పో."

జావీద్ పోలేదు. పోలేడు కూడా.

ఒక కానిస్టేబులు ప్లాస్టిక్ సంచిలోంచి తుపాకి తీసి కెప్టెన్ చేతికిచ్చాడు. దాన్ని అతి జాగ్రత్తగా చూశాడు ఖాజావలి. వేట అప్పుడే నేర్చుకునేవాళ్లకని చౌకగా అమ్మే రకం. ఒక తూటా పెట్టాలి, మూయాలి, కాల్చాలి, మళ్లీ విరవాలి. దాని గొప్పతనమల్లా గొట్టంలో ఉంది. అడుగున ఉన్న మర విప్పితే గొట్టం ఊడి చేతికొస్తుంది, దాని చోట ఇంకో గొట్టం బిగించుకోవచ్చు. లావు గొట్టం పెడితే ఆవాలంత సీసపు గుళ్లు చిమ్మి పిట్టల్ని కొట్టొచ్చు. సన్న గొట్టం పెడితే ఒక్క చిన్న తూటాతో కుందేలును పడేయొచ్చు. ఇప్పుడు దానికున్నది సన్న గొట్టం. వెనక కర్రకు నీలం గుడ్డ చుట్టి ఉంది.

"ఈ గుడ్డ నీదేనా?" అని అడిగాడు నర్సింలును.

"నాదే సార్. ఎండకు కర్ర చెయి కాలుతదని సుట్టిన. పిట్టలు బెదిరియ్యనీకి నాకిచ్చిన తుపాకి గదే. వాల్వులు తిప్పనీకి వోతు ఈ గోడకు ఆనిచ్చి వోయిన. వచ్చి తుపాకి చేతులకు తీస్కొని సూసెవరకు అన్న..." భుజంతో కళ్లు తుడుచుకున్నాడు. "గని సార్, గీ గొట్టం నాది గాదు. నాకిచ్చింది లావు గొట్టం. గీ సన్నది నేనెన్నడు సూడలే."

"ఏమంటున్నాడు?" అన్నాడు కెప్టెన్.

"తుపాకి నాదే అని ఒప్పుకుంటున్నాడు సర్" అన్నాడు జావీద్. "యజమాని ఇంట్లో ఒకటే తుపాకి, రెండు గొట్టాలు అని మొదటి రోజే చెప్పాను కదా. లావుది వీడు ఎక్కడో పారేశాడు."

ఖాజావలి ఈసారి ఊరుకోలేదు. నర్సింలు అన్నది అన్నట్టు అరబ్బీలో కెప్టెన్‌కు చెప్పాడు. చెబుతూ జావీద్ ముఖం చూడలేదు. తుపాకి వైపే చూస్తూ, "కెప్టెన్, ఒక్కసారి విరిచి పట్టుకోండి" అన్నాడు.

కెప్టెన్ విరిచాడు. తూటా వెనక భాగం ఆనే ఇనుప ముఖం కనిపించింది. దాని మీద సూది బయటికొచ్చే చిన్న రంధ్రం ఉంది. కచ్చితంగా మధ్యలో ఉంది. ఖాజావలి దాని మీదే చూపు నిలిపాడు. తన ఎస్సై రోజుల్లో నాటు తుపాకుల దగ్గర్నుంచి అన్ని రకాలూ విరిచి చూసిన కళ్లు అవి.

"మీ దగ్గర ఈ సన్న గొట్టానికి పట్టే తూటాలు ఉన్నాయా?"

"ఇంట్లో పట్టుకున్న డబ్బా ఉంది."

"ఒకటి పెట్టి ఆ ఇసుక దిబ్బ మీదికి కాల్చండి."

కెప్టెన్ అతన్ని తేరిపార చూశాడు. తుపాకిని లాబుకు పంపడం ఇంకా కాలేదు, రేపు పంపాలి. ఒకసారి ఆలోచించి, అందరినీ వెనక్కి జరగమని, తూటా పెట్టి, గురిచూసి నొక్కాడు.

టక్.

అంతే. పేలలేదు. కెప్టెన్ కాసేపు ఆగి, తుపాకి విరిచి, ఇంకో తూటా పెట్టి నొక్కాడు. మళ్లీ టక్.

"పాత తూటాలు సర్. తేమ తగిలి ఉంటుంది" అన్నాడు జావీద్.

"హాయిల్‌లో తేమా?" అన్నాడు కెప్టెన్, అతని వైపు తిరగకుండానే.

ఖాజావలి పేలని తూటాను అడిగి తీసుకుని అరచేతిలో పెట్టుకున్నాడు. "సూది దెబ్బ ఎక్కడ పడిందో చూడండి. సరిగ్గా నడుమ. ఈ చిన్న తూటాకు మందు నడుమ ఉండదు, చుట్టూ అంచులో ఉంటుంది. అంచు మీద పొడిస్తేనే పేలుతుంది. లావు గొట్టం తూటా అలా కాదు, దానికి మందు నడుమనే. అంటే, గొట్టం తీసేస్తే మిగిలే ఈ మొండెం పిట్టల తుపాకీది. సన్న గొట్టం దీనికి పడుతుంది, బిగుస్తుంది, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ దీంతో ఏ తూటా పేలదు. ఇప్పుడు గుమ్మంలో దొరికిన ఖాళీ తూటా తీయండి."

కెప్టెన్ చిన్న కవరు ఎత్తి వెలుతురుకు పెట్టాడు. ఖాళీ తూటా అంచు మీద, ఒక పక్కగా, గోరు గుచ్చినట్టు చిన్న గాటు.

నర్సింలుకు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, తన గురించి ఏదో మంచి జరుగుతోందన్న సంగతి మాత్రం తెలిసినట్టుంది, నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"ఇలాంటిదే ఇంకో మొండెం ఉంది" అన్నాడు ఖాజావలి. "అంచు మీద పొడిచేది. నా తమ్ముణ్ణి చంపింది దాంతో. చంపి, ఇక్కడే ఈ గుమ్మంలో రెండు తుపాకులూ విరిచి, గొట్టాలు మార్చాడు. అప్పుడే ఖాళీ తూటా కింద పడింది. తుపాకీనే మార్చేస్తే సరిపోయేది, కానీ నర్సింలు గుడ్డ చుట్టిన కర్రను తోటలో అందరూ ఎరుగుదురు. అందుకని గొట్టం ఒక్కటే మార్చాడు. ఏ గొట్టం దేనికైనా పేలుతుందనుకున్నాడు. సగం తెలిసినవాడు."

"ఇంట్లో ఒక్కటే తుపాకి అన్నావు" అన్నాడు కెప్టెన్ జావీద్‌తో.

"లైసెన్సు ఒకదానికే ఉంది సర్. నాకు తెలిసింది అదే." జావీద్ గొంతు ఇంకా నిలకడగానే ఉంది. "తమ్ముడు పోయి ఈయన మనసు బాగాలేదు. ఒప్పుకున్నవాణ్ణి వదిలేసి..."

"ఒప్పుకున్నాడా?" ఖాజావలి అతని దగ్గరికి నడిచాడు. కిటికీలోంచి కనిపిస్తున్న మాత్రల పట్టీ వైపు వేలు చూపించాడు. "జావీద్ భాయ్, చిన్న సంగతి. కెప్టెన్ ముందర చెప్పు. దాన్ని మన తెలుగులో ఏమంటారు?"

జావీద్ ఒక్క లిప్త ఆగాడు. "మాత్ర" అన్నాడు.

ఖాజావలి పగలబడి నవ్వాడు. మూడు రోజుల్లో అదే మొదటి నవ్వు, అందులో సంతోషం చుక్కంత లేదు. "మాత్ర! హైదరాబాదులో పుట్టి పెరిగినోని నోట్లో మాత్ర! మందుల షాపుకు పోయి ఏమని అడుగుతావు భాయ్, ఒక మాత్ర దయచేయండి అనా? మాత్ర అనేది మేం, సీమోళ్లం. నువ్వు పుట్టినప్పటి నుంచి మింగింది గోలీ. జ్వరమొస్తే గోలీ, కడుపు నొస్తే గోలీ. ఆ ఒక్క మాట నోటికి రాకుండా తప్పించుకోవాలనుకున్నావు చూడు, అక్కడే దొరికినావు."

"గా గోలీలు నాకిచ్చింది గూడ గాయినే సార్!" నర్సింలు ఒక్కసారిగా అరిచాడు. "నాకు పన్ను నొస్తాంటె గా పట్టీ ఇచ్చి, గోలి ఏసుకో నర్సింలు, తగ్గుతది అన్నడు. గిప్పుడు మాత్ర అంటడేంది!"

ఖాజావలి ఆ మాటల్ని ముక్క పోకుండా అరబ్బీలో పెట్టాడు. నర్సింలు చెప్పింది హబ్బ, కెప్టెన్. రసాస అని రాయించింది ఇతను. కెప్టెన్ ముఖంలో రంగు మారింది. తన కాగితం మీద, తన సంతకం కింద, మరొకడు అబద్ధం రాయించాడన్న కోపం అది.

"నీకూ ఆసిఫ్‌కూ ఏం గొడవ?" అన్నాడు.

జవాబు నర్సింలు నుంచే వచ్చింది, అడగకుండానే. "హురూబ్ ముచ్చట జెప్పుండ్రి సార్! నా పెండ్లాం ముత్యవ్వకు ఆపరేషనని ఇంటికి వంపుమంటె, గీ జావీద్ సేటు నేను పారిపోయిన్నని నామీద హురూబ్ పెట్టిండు. ఆసిఫన్న నన్ను శెయి వట్కొని మాలిక్ ముంగటికి తోల్కవోయిండు. పారిపోయినోడు ఈడ ఎట్లుంటడు అని అడిగిండు. మాలిక్ అందరి ముంగట జావీద్ సేటు చెంప మీద కొట్టిండు."

చెంపదెబ్బ అన్న మాటకు జావీద్ చెయ్యి తనకు తెలియకుండానే చెంప మీదికి పోయింది. ఖాజావలి ఆ చెయ్యిని చూశాడు. ఇంకేం అడగాల్సిన పని లేదనిపించింది. ఒక చెంపదెబ్బకు ఒకణ్ణి పాడె ఎక్కించి, ఇంకొకణ్ణి కత్తి కిందికి తోశాడు. ఆ కత్తిని తన తల్లి చేతికిచ్చి, పట్టమ్మా అన్నాడు!

కెప్టెన్ కానిస్టేబులును పిలిచేలోగా జావీద్ పరిగెత్తాడు. పికప్ పక్కనే ఉంది. తలుపు తెరిచి సీటు కింద చెయ్యి పెట్టాడు. వెనక్కి తిరిగేసరికి చేతిలో తుపాకి ఉంది. పోలీసులు తోటంతా వెతికారు గానీ తమకు తర్జుమా చేసిపెట్టేవాడి బండి ఎందుకు వెతుకుతారు?

"దగ్గరికి రాకు!" తుపాకి మూతి ఖాజావలి గుండెకు ఎదురుగా ఉంది. "అల్లా కసం, ఏసేస్త!"

కెప్టెన్ పిస్తోలు తీశాడు. "పక్కకు తప్పుకో!" అని ఖాజావలి మీద అరిచాడు. ఖాజావలి తప్పుకోలేదు. కెప్టెన్ గురికి అడ్డంగా, నేరుగా జావీద్ మీదికే నడిచాడు.

చూస్తున్నవాళ్లు అతనికి మతి పోయిందనుకున్నారు. పోలేదు. అతని కళ్లు గొట్టం మీద ఉన్నాయి. లావు గొట్టం. నర్సింలుది. ఆ మొండెం ఆసిఫ్‌ను చంపినది, అంచు మీద పొడిచేది. లావు తూటాకు మందు నడుమన ఉంటుంది. కాసేపటి కింద కెప్టెన్ చేసి చూపించిన తంతే, తిరగేసి. కళ్లారా చూసి కూడా జావీద్ బుర్రకు ఆ సంగతి ఎక్కలేదు, భయంలో ఎవరికీ ఎక్కదు. ఖాజావలి నడకలో ముప్పాతిక ఈ లెక్క. మిగిలిన పాతిక వట్టి కోపం. లెక్క తప్పయినా ఆగే స్థితిలో లేడు.

"ఎయ్యి" అన్నాడు నడుస్తూనే. "మావాణ్ణి పడుకున్నోణ్ణి ఎనకనుంచి ఏసినావు. నేను మేలుకునే ఉండా. ఎదురుగా ఉండా. ఎయ్యిరా!"

జావీద్ నొక్కాడు.

టక్.

ఇంకోసారి నొక్కడానికి కూడా ఆ తుపాకిలో ఏమీ లేదు, విరిచి మూస్తే తప్ప. ఖాజావలి గొట్టం పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. జావీద్ మోకాళ్ల మీద పడ్డాడు. తల మీద చేతులు అడ్డం పెట్టుకున్నాడు, దెబ్బ వస్తుందని.

దెబ్బ రాలేదు. ఖాజావలి వంగి అతని చెవి దగ్గర, అన్నం తిన్నావా అని అడిగినంత మెల్లగా చెప్పాడు. "నిన్ను ముట్టను. నీ ఒంటి మీద నా గోటి గీత కనపడినా కోర్టులో నీ మీద ఎవడికో జాలి పుడుతుంది. నాకు నువ్వు నిండుగా కావాల. చక్కగా తిను, నిద్రపో. ఆ రోజు దాకా నీకు జలుబు కూడా చెయ్యగూడదు."

కానిస్టేబుళ్లు జావీద్‌ను లేపి బేడీలు వేశారు. కెప్టెన్ తుపాకి విరిచి తూటా తీసి చూశాడు. చూసినవాడు ఖాజావలిని పిలిచి చూపించాడు. నడుమ ఉన్న మందుబొట్టు అంచునే, ఇత్తడి మీద, సూది గాటు. వెంట్రుకవాసి ఇటు పడి ఉంటే పేలేది.

"ఇది నీకు ముందే తెలుసా?" అన్నాడు కెప్టెన్.

"సుమారుగా" అన్నాడు ఖాజావలి.

నర్సింలు బేడీలు కెప్టెన్ తనే విప్పాడు. నర్సింలు ఆ చేతుల్ని ఏం చేయాలో తెలియనట్టు ముందుకు చాచి నిలబడ్డాడు. ఖాజావలి అతని దగ్గరికి వెళ్లాడు. ఈ పొద్దే ఆ మనిషి తల తీయించడానికి సంతకం పెట్టేవాడు. భుజం మీద చెయ్యి వేశాడు.

"అన్నకు ఇంకో గోలి ఇచ్చి లారీలనే కూసోవెట్టినైతె బతుకుతుండె సార్" అన్నాడు నర్సింలు, ఏడుస్తూ.

బండి ఎక్కించేముందు జావీద్ వెనక్కి తిరిగి ఉర్దూలో అరిచాడు. "వలీ భాయ్! నాకూ అమ్మ ఉంది! ఖాజాబీ అమ్మీకి ఫోన్ చెయ్. మనం మనం ఒకటి, మాఫ్ చెయ్యమని చెప్పు! ఒక కాఫిర్ కోసం కలిమా చదివినోణ్ణి చంపిస్తరా? ఆమె మాఫ్ చేస్తది, అడుగు!"

అతనన్నదాంట్లో ఒకటి నిజం. ఇప్పుడు ఖాజావలి పగ తన చేతుల్లో లేదు. తల్లి ఒక్క మాట అంటే చాలు, జావీద్ ప్రాణం దక్కుతుంది. ఖాజాబీ జాలిగుండె మనిషి. మసీదు కాడ ముష్టివాణ్ణి కూడా తిట్టలేదు. ఖాజావలికి ఆ సాయంత్రం మొదటిసారి భయం వేసింది. తుపాకికి వేయని భయం.

ఫోన్ చేశాడు. ఖాజాబీ మొదటి రింగుకే ఎత్తింది.

"పెట్టినావా సంతకం?"

"లేదమ్మా. వాడు కాదు. నర్సింలు మనవానికి తలనొప్పికి మాత్ర ఇచ్చినాడు, అంతే. చంపినోడు వేరే. ఇప్పుడే దొరికినాడు. జావీదని, హైదరాబాదోడు."

అవతల ఎవరో కుక్కర్ దించిన చప్పుడు వినిపించింది.

"మనోడేనా?" అంది ఖాజాబీ.

ఖాజావలి కళ్లు మూసుకున్నాడు. "మనోడే అమ్మా. మాఫ్ చెయ్యమంటాన్నాడు. వానికీ అమ్మ ఉందంట."

"నా ఆసిఫ్ ఎవురోడంట?"

ఖాజావలి ఫోన్‌ను ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"ఆ నర్సింలును ఇంటికి పంపిచ్చే ఏర్పాటు చూడు. వాని పెండ్లాముకు బాగలేదని మన ఆసిఫ్ చెప్పినాడు నాకు" అంది ఖాజాబీ. "పంపిచ్చినాక పోయి, ఖిసాస్ కాగితంలో ఆ రెండోవాని పేరు రాయించు."